మిగిలిన నలభై మీటర్లు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టారు. నలభై నాలుగేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ ఆ మాట చెబుతూనే ఉన్నారు. నిజమే, నేను కాదనను. ఎవరింట్లోనైనా పులుసులో ఉప్పు ఎక్కువైతే వండినావిడ మొహం మీదే చెప్పేస్తాను. అలాంటి నేను పోయిన మే నెలలో నాలుగు రోజులు నోరు మూసుకున్నాను. ఆ నాలుగు రోజుల్లోనే ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది.

మా ఆయన పేరు వీరరాఘవులు. మాది సామర్లకోట. ఢిల్లీలో ఒక సర్కారు భవనంలో ముప్ఫై ఆరేళ్ళు వైర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఫరీదాబాద్‌లో రెండు గదుల సొంత ఇంట్లో ఉంటున్నాం. ఆయన వేసిన వైరింగ్ చూస్తే స్కేలు పెట్టి గీత గీసినట్టుంటుంది. పనిలో ఉన్నప్పుడు తిండి ధ్యాస ఉండదు, మాట వినిపించదు. ఒక్కటే జబ్బు మనిషికి. వైరు కోయరు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఏదో గదికి కొత్త లైను లాగుతూ, చుట్టలోంచి కావలసినంత కోసుకుని మిగిలింది స్టోరుకు తిరిగి ఇవ్వబోయారట. కోసిన చుట్టని స్టోరు వాపసు తీసుకోదు. అడక్కుండా ఎందుకు కోశావని మెమో ఇచ్చారు. ఆ కాగితం నాకు చూపించలేదు. చొక్కా ఉతుకుతుంటే జేబులో దొరికింది. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు కూడా లేవు, హిందీ రాదు, జవాబు రాసిపెట్టమని పక్క సెక్షన్‌లో గుమాస్తా చుట్టూ వారం రోజులు తిరిగారు. అంతే, ఆ తర్వాత కట్టింగ్ ప్లేరుతో వైరు తొక్క తీయడమే గానీ వైరు తెంచడం లేదు. కావలసినంత లాగడం, మిగిలింది గుండ్రంగా చుట్టి, నాలుగు చోట్ల కట్టి, ఎవరికీ కనబడని మూల పెట్టడం. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. బాల్కనీలో బట్టలారేసే తాడు ఎనిమిది అడుగులు, దాని చివర వేలాడే చుట్ట పదిహేను అడుగులు. పైజామా బొందు మోకాలి దాకా ఉంటుంది. మా ఇంట్లో ఏ తాడుకీ చివర లేదు. తిట్టీ తిట్టీ నా నోరు అరిగిపోయింది.

పోయిన చలికాలం ఇంకోటి మొదలైంది. టీ గ్లాసులో పోస్తున్నామనుకుని పక్కన పోశారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. "మీ ఎడమ కంటికి ఏదో అయింది, చూపించుకోండి" అన్నాను. ఆ మాటకి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. కన్ను పోయిన వైర్‌మన్‌ని ఎవరు పిలుస్తారని ఆయన భయం. పిలిచేవాళ్ళు అప్పటికే తగ్గిపోయారు. పనిసంచి తలుపు వెనక మేకుకి వేలాడుతూ దుమ్ము పట్టింది. మనిషి పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని గేటు వైపు చూసేవారు. అది చూసి నేను కన్ను ఊసెత్తడం మానేశాను.

అప్పుడు భీమేశ్వరరావుగారి ఫోన్ వచ్చింది.

ఆయన మా ఆయన పనిచేసిన భవనంలోనే పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. మా వెనక వీధి అపార్ట్‌మెంట్లలో నాలుగో అంతస్తు వాళ్ళది. ఆయనా, ఆయన భార్య అరుంధతి గారూ, ఇద్దరే. రిటైరయ్యాక ఒక పెద్ద వ్యాను కొని, లోపల మంచం, పొయ్యి, చిన్న ఏసీ పెట్టించి క్యారవాన్ చేయించుకున్నారు. దాంట్లో రాజస్థాన్ తిరిగారు, హిమాచల్ కొండలెక్కారు. రెండేళ్ళ కిందట అరుంధతక్కయ్య ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని డాక్టర్లు చెప్పాక బండి కాంపౌండ్‌లో ఆగిపోయింది. ఇప్పుడావిడకి రాత్రీ పగలూ ఆక్సిజన్ కావాలి. గాలిలోంచి ఆక్సిజన్ పట్టి ముక్కు గొట్టంలోకి పంపే యంత్రం ఒకటుంది. అది కరెంటు మీద నడుస్తుంది, కరెంటు పోతే కాసేపటికని పక్కన చిన్న ఆక్సిజన్ సిలిండర్ ఒకటి ఉంటుంది. కరెంటు ఉంటేనే ఆవిడకి ఊపిరి.

మేలో ఆవిడ పదిరోజులు ఆస్పత్రిలో ఉండి తిరిగొచ్చేసరికి అపార్ట్‌మెంట్ లిఫ్టు విప్పేసి ఉంది. కొత్తది బిగించడానికి ఇరవై రోజులన్నారు. నాలుగు అంతస్తులు ఎక్కే మాట దేవుడెరుగు, నాలుగు మెట్లు కూడా ఎక్కలేరావిడ. "మాది కింద ఇల్లే, ముందు గది ఖాళీగా ఉంది, వచ్చేయండి అక్కయ్యా" అన్నాను.

"అబ్బే, మీకెందుకమ్మా శ్రమ. మా బండి ఉందిగా, అందులో పడుకుంటాను" అన్నారు.

మొహమాటానికి పోతే ఏమవుతుందో మన వాళ్ళు ఒక సామెత చెప్పారు. పెద్దవాళ్ళ ముందు అది పూర్తిగా అనకూడదు కాబట్టి ఊరుకున్నాను.

బిల్డింగు ముందంతా లిఫ్టు ఇనుప సామాను పరిచి ఉంది. అందుకని బండిని కాంపౌండ్ చివర, వెనక గోడ దగ్గర వేపచెట్టు నీడలో పెట్టారు. మీటర్లుండే గది ఈ చివర. మా ఆయన గోడ వెంబడి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, అరవై మీటర్లన్నారు. అంత దూరం కరెంటు తీసుకెళ్ళి ఆవిడ యంత్రమూ ఏసీ నడపాలి. ఆయన మొహం ఆరోజు చూడాలి. సంచి దులిపారు, టెస్టర్ తుడిచారు, దారిలో నాకు పాఠం కూడా చెప్పారు.

"దూరం పెరిగితే కరెంటు నీరసపడుతుంది భానూ. మనవైపు కాలవ చివరి పొలానికి నీళ్ళొస్తాయి చూడు, అలాగ. సన్న తీగ వేస్తే చివరికి ఏమీ మిగలదు. లావుది తెమ్మన్నాను సార్‌ని."

లావు వైరే తెచ్చారు, వంద మీటర్ల చుట్ట. గోడకి మేకులు కొట్టి, పిల్లల కాళ్ళకి తగలకుండా ఎత్తులో, అరవై మీటర్లూ ఒక్కరే లాగారు. తల మీద తడి తువ్వాలు, నలభై నాలుగు డిగ్రీల ఎండ. మిగిలిన నలభై మీటర్లు కోయలేదు. గుండ్రంగా చుట్టి, నాలుగు చోట్ల కట్టి, బండి కింద సరిగ్గా మంచం ఉన్న చోట పెట్టి, కోతులు లాగకుండా రెండు గోనెసంచులు కప్పారు.

నేనక్కడే ఉన్నాను. "ఆ మిగిలింది కోసి అవతల పారేయండి, ఇక్కడా దాపరికమేనా" అనబోయాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, తలని కొంచెం ఎడమవైపు తిప్పి, తను చేసిన పని చూసుకుంటున్నారు. ఆర్నెల్ల తర్వాత ఆ మొహంలో మళ్ళీ మనిషి కనబడ్డాడు. ఇప్పుడెందుకులే అని మింగేశాను.

లోపల ఏసీ మొదలైంది. యంత్రం మీద పచ్చ దీపం వెలిగింది. అరుంధతక్కయ్య చెయ్యెత్తి నమస్కారం పెట్టారు.

మర్నాడు భీమేశ్వరరావుగారు కాఫీకి కెటిల్ పెట్టగానే యంత్రం కీచుమంది. పచ్చ దీపం పోయి పసుపుది వచ్చింది. కెటిల్ తీసేస్తే మళ్ళీ పచ్చ. మా ఆయన మీటరు పెట్టి చూశారు, నూట డెబ్భై ఎనిమిది వోల్టులు. దూరం వల్లే అన్నారు, ఈ ఎండలకి లైన్లోనే వోల్టేజి లేదన్నారు. మా ఇంట్లో ఫ్రిజ్ దగ్గరున్న స్టెబిలైజర్ పీకి తెచ్చి బండిలో పెట్టారు. మీటరు రెండు వందల ఇరవైకి ఎక్కింది. "ఇప్పుడు ఢోకా లేదు సార్" అన్నారు గానీ, గంటకోసారి వెళ్ళి చూసి వస్తూనే ఉన్నారు. అన్నం దగ్గర కూర్చుని మధ్యలో లేచిపోయారు. వీధిలో ఎవరి స్కూటరు హారన్ మోగినా యంత్రం కీచుమన్నట్టే వినిపించేది ఆయనకి. నాకూ అలాగే ఉండేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కయ్య దగ్గర కూర్చుని, ఆవిడతో మాట్లాడుతూ ఆ పచ్చ దీపాన్నే చూస్తూ ఉండేదాన్ని. మూడో రోజు ఆవిడ ఏదో చెప్పబోయి ఆగారు. ఏమిటక్కయ్యా అంటే, ఏం లేదులే అన్నారు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఎండ నలభై ఆరు. భీమేశ్వరరావుగారు ఆస్పత్రిలో రిపోర్టులు తీసుకోవడానికి ఢిల్లీ వెళ్ళారు. మా ఆయన వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కునుకుతున్నారు. అక్కయ్యకి నిద్ర పట్టిందని నేను బయటికి వచ్చి, బండి మెట్టు మీద కూర్చుని, చెప్పులు విప్పి కాలు చాపాను. పాదం గోనెసంచికి తగిలింది.

చురుక్కుమంది. ఎండకేమో అనుకున్నాను. కానీ అక్కడ ఎండ లేదు, పొద్దున్నుంచీ నీడే. చెయ్యి పెట్టి చూశాను. పొయ్యి మీంచి అప్పుడే దించిన పెనంలా ఉంది. అప్పుడు వాసన కూడా తెలిసింది, రబ్బరు చెప్పు నిప్పుల్లో పడితే వచ్చే వాసన.

"ఏవండీ, లేవండి. ఈ సంచి కాలిపోతోంది."

ఆయన లేచి వచ్చి సంచి లాగారు. చుట్ట కట్టినట్టే ఉంది, కానీ మధ్యలో తీగలు విడివిడిగా లేవు. పైతొడుగు కరిగి ఒకదానికొకటి అంటుకుని బెల్లం అచ్చులా తయారైంది. సన్నగా పొగ వస్తోంది. పైన బండి అడుగు రేకు, రేకు పైన మంచం, మంచం మీద ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో అరుంధతక్కయ్య. ఆక్సిజన్ దగ్గర నిప్పురవ్వ పడితే ఏమవుతుందో మా ఆయన వివరించనక్కర్లేదు.

ఆయన గొంతు పెంచలేదు.

"లోపలికి పో. ఆవిడని చిన్న సిలిండర్ మీద పెట్టు. పెట్టి కేకెయ్యి, నేను మెయిన్ తీసేస్తాను."

అని అరవై ఏడేళ్ళ మనిషి ఆ ఎండలో మీటరు గది వైపు పరిగెత్తారు.

సిలిండర్ ఎలా తిప్పాలో భీమేశ్వరరావుగారు నాకు ఒకసారి చూపించారు. చూపించినప్పుడు తేలికే. ఇప్పుడు సిలిండర్ తిప్పే తాళం చెవి కింద పడింది. వంగి తీసి, తిప్పి, గొట్టం ఇటు మార్చి బిగించాను. సిలిండర్ మీటరులో సూది సగం కంటే కొంచెం కిందే ఉంది. నిండుగా ఉంటే గంట వస్తుందన్నారు భీమేశ్వరరావుగారు. సగం కంటే కింద అంటే ఎంతో లెక్క వేసే ధైర్యం లేకపోయింది. అక్కయ్య కళ్ళు తెరిచారు. "కరెంటు కాసేపు తీస్తారట, మీరు కదలకండి" అని, తలుపులోంచి బయటికి కేక వేశాను.

ఏసీ ఆగింది. యంత్రం ఒకసారి కీచుమని ఆరిపోయింది. ఆ రేకు బండి అయిదు నిమిషాల్లో ఆవిరి పొయ్యి అయిపోయింది. తలుపులు తెరిచి, ఆవిడ ఎక్స్‌రే కవరుతోనే విసురుతూ కూర్చున్నాను. ఒక కన్ను సూది మీద, ఒక కన్ను బయట.

ఆయన తిరిగొచ్చి చుట్ట ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. చుట్ట మొదలయ్యే చోట వైరుని ప్లేరు మధ్య పెట్టారు. పెట్టి ఆగిపోయారు. ముప్ఫై ఆరేళ్ళ ఉద్యోగం, ఆ మెమో, గుమాస్తా చుట్టూ తిరిగిన వారం, అన్నీ ఆ చేతిలోనే ఉన్నట్టున్నాయి. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"కోయండి" అన్నాను. "ఎవరూ మెమో ఇవ్వరు, కోయండి."

కోశారు. రెండో చివర కూడా కోసి చుట్టని కాలితో అవతలికి తన్నారు. ఇప్పుడు ఆ అరవై మీటర్ల చివరని తిన్నగా బండి బోర్డులో కలపాలి. మూడు తీగలు, మూడు రంధ్రాలు. ఆయన ఎర్ర తీగ పట్టుకుని రంధ్రంలో పెట్టబోతే పక్కన గుచ్చుకుంది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ పక్కనే. మూడోసారి తీగ వంగిపోయింది. లోపల సిలిండర్ సూది పావు దగ్గరికి వచ్చింది. అక్కయ్య పెదవులు ఎండిపోయి, ఛాతీ ఎగిరెగిరి పడుతోంది.

"భానూ" అన్నారు నా వైపు చూడకుండా, "నువ్వు పెట్టు."

కవరు అక్కయ్య చేతికిచ్చి దిగాను. ఎర్రది ఎక్కడో చెప్పారు, నల్లది ఎక్కడో చెప్పారు, ఆకుపచ్చది ఎక్కడో చెప్పారు. నేను తీగ దూర్చి పట్టుకుంటే, ఆయన వేలితో తడిమి స్క్రూ బిగించారు. ఒక్కోటీ లాగి చూశారు. తర్వాత మీటరు గదికి వెళుతూ గోడ పొడుగునా వైరుని చేత్తో తడుముకుంటూ నడిచారు, ఇంకెక్కడైనా వేడెక్కిందేమోనని. తొందరగా వెళ్ళండి అని అరవాలనిపించింది. అరవలేదు, ఆ తడమడం అవసరమని నాకు తెలుసు. సూది ఎర్ర గీత మీదికి వచ్చింది. ఆంజనేయ దండకం మొదలుపెట్టాను గానీ రెండో వాక్యం గుర్తురాలేదు.

యంత్రం కీచుమంది. పసుపు దీపం వెలిగింది. కాసేపటికి పచ్చది వచ్చింది. గొట్టం మార్చి బిగించి, ఆవిడ పాదాల దగ్గర కూలబడ్డాను.

భీమేశ్వరరావుగారు వచ్చేసరికి అయిదైంది. జరిగింది విని, మా ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. "రాఘవులూ, నువ్వు లేకపోతే ఇవాళ ఏమయ్యేదో తలుచుకోలేను" అన్నారు.

"నేను లేకపోతే ఇది జరిగేదే కాదు సార్."

నేను కళ్ళతో వద్దని సైగ చేశాను. ఆయన చూడలేదో, చూసీ పట్టించుకోలేదో.

"చుట్టి ఉన్న వైరులోంచి ఎక్కువ కరెంటు లాగితే ఆ వేడి బయటికి పోదు సార్. అది నాకు తెలుసు. కొత్తగా చేరినవాళ్ళకి నేనే చెప్పేవాణ్ణి. ఆఫీసులో లైట్లకీ ఫ్యాన్లకీ లాగేవాణ్ణి, చుట్ట వదిలేసినా ఏమీ అయ్యేది కాదు. ఇక్కడ ఏసీ ఉంది. దాని మీద స్టెబిలైజర్ పెట్టాను, అది ఇంకా ఎక్కువ లాగింది. కింద గోనెసంచి కప్పాను. అన్నీ నేనే చేశాను. మీటరు గదిలో స్విచ్ పడిపోతుందిలే అనుకోవడానికీ లేదు, అది కరెంటు ఎక్కువైతే పడుతుంది గానీ చుట్ట వేడెక్కితే పడదు."

మంచం మీంచి అరుంధతక్కయ్య మెల్లిగా మాట్లాడారు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ.

"నిన్న పొద్దున్నుంచే... వాసన వస్తోంది. కాలు కింద పెడితే నేల వెచ్చగా ఉంది. చెబుదామనే అనుకున్నాను. పాపం, అంత ఎండలో కష్టపడి వేశారు... చెబితే నొచ్చుకుంటారేమోనని."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆయన నొచ్చుకుంటే మూడు రోజులు మాట్లాడరు, అంతే కదా అక్కయ్యా. నేను చూశాను ఆ మూడు రోజులూ. మాకేమీ కాలేదు. దానికోసం మీరు ప్రాణం పోగొట్టుకుంటారా?" అన్నాను.

అనేశాక నా మాట నాకే తగిలింది. మొదటి రోజు నేను మింగింది ఏమిటి మరి. ఆవిడకైనా ఊపిరి లేదు, నాకేం తక్కువైంది. ఆ సంగతి అక్కడే, అందరి ముందూ చెప్పాను. మా ఆయన తల ఎత్తి నన్ను చూశారు.

అప్పుడు అక్కయ్యే అడిగారు. "మీ ముందు గది... ఇంకా ఖాళీయేనా భానూ?"

చీకటి పడకముందే చక్రాల కుర్చీలో, మళ్ళీ నింపించిన సిలిండర్‌తో మా ఇంటికి తీసుకొచ్చాం. యంత్రాన్ని గోడ ప్లగ్గులో పెట్టాం. మధ్యలో వైరన్నదే లేదు. నేను అన్నం, వంకాయ పులుసూ వండి పళ్ళెం ఆవిడకిచ్చి బాల్కనీలోకి వెళ్ళాను. మా ఆయన అక్కడ బట్టల తాడు దగ్గర నిలబడి ఉన్నారు. చివర వేలాడే పదిహేను అడుగుల చుట్ట కోసి కింద పడేశారు.

"ఇంకేమైనా మింగావా?" అన్నారు.

"మీ ఎడమ కన్ను."

"అది నీకింకా గుర్తుందని నాకు తెలీదు. ఒకసారి అని ఊరుకున్నావు కదా, మర్చిపోయావనుకున్నాను."

"ఇందాక మూడు తీగలూ పెట్టింది నేనే కదండీ."

ఆయన ప్లేరు జేబులో పెట్టుకున్నారు. మూడు రోజుల మౌనానికి నేను సిద్ధపడ్డాను. "కళ్ళ డాక్టరు పొద్దున్న ఎన్నింటికి తెరుస్తాడో కనుక్కో" అన్నారు. ఆగి, "నువ్వు మాత్రం తిట్టడం మానకు" అన్నారు.

ముందు గదిలోంచి అరుంధతక్కయ్య పిలిచారు.

"భానూ, ఏమీ అనుకోకమ్మా. పులుసులో ఉప్పు... బాగా ఎక్కువైంది."

నలభై నాలుగేళ్ళలో నా వంటకి వంక పెట్టిన మొదటి మనిషి ఆవిడే. కొంగుతో కళ్ళు తుడుచుకుని, వెళ్ళి ఆవిడ చేతిలోంచి పళ్ళెం అందుకున్నాను.